ముందు నీటికి దారి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ గారు ఫోన్ చేశారు. ఏం రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. నేను ఎం.ఎస్సీ.లో పర్యావరణ శాస్త్రం చదువుతున్నాను. ప్రకృతి ఆధారిత పరిష్కారాలు అనేది మా సిలబస్‌లో పెద్ద పాఠం. పాడైన నేలను, నీటిని, జీవజాలాన్ని ప్రకృతి పద్ధతుల్లోనే బాగుచేసి, దానివల్ల మనుషులకూ మేలు జరిగేలా చూడటమే దాని సారాంశం. ఆ పాఠం నాకు తరగతిలో కన్నా మా ఊరి పర్రలో, మా నాన్న పక్కన నిలబడినప్పుడే బాగా అర్థమైంది. తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఆ సంగతే చెబుతాను.

మాది కోరంగి మడ అడవులకు దగ్గరలోని పల్లె. మడ చెట్టు ఉప్పునీటి బురదలో పెరుగుతుంది. పోటుకు దాని మొదలు మునుగుతుంది, ఆటుకు బయటపడుతుంది. దాని వేళ్ళ మధ్యే రొయ్య పిల్లలు, పీతలు, చేప పిల్లలు ఎదుగుతాయి. తుఫాను అలల జోరును ఆ వేళ్ళే తగ్గిస్తాయి. బావురు పిల్లికి, నీటికుక్కకు అదే ఇల్లు. కోరంగిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు.

డిగ్రీ రెండో సంవత్సరంలో, జూన్ 5న పర్యావరణ దినోత్సవం నాడు, మా మిత్రబృందం ఊరి పక్క ఖాళీ పర్రలో రెండు వందల మడ మొక్కలు నాటింది. ఫొటోలు దిగాం. అందరూ మెచ్చుకున్నారు. దసరా సెలవులకు వెళ్ళి చూస్తే ఒక్క మొక్కా మిగల్లేదు. నేల మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. పశువులు తినేశాయేమో అనుకుని నాన్నను తీసుకెళ్ళి చూపించాను.

"పోటునీరు ఎక్కని చోట మడ ఎలా బతుకుద్దిరా?" అన్నాడు నాన్న. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత దూరంగా ఉన్న మట్టి గట్టును చూపించి, "ఆ గట్టు మేమే ఏశాం" అన్నాడు.

1990లలో మా వైపు రొయ్యల చెరువులు జోరుగా తవ్వారు. అప్పటికి నాన్నకు పద్దెనిమిదేళ్ళు. పొలం కూలీ కన్నా చెరువు కూలీ ఎక్కువని తట్ట, పార పట్టుకుని వెళ్ళాడు. కొన్నాళ్ళకే తెల్లమచ్చ తెగులు వచ్చి రొయ్య చచ్చిపోయింది. చెరువు వాళ్ళు వదిలేసి వెళ్ళిపోయారు. గట్టు మాత్రం మిగిలింది. పోటునీరు రాదు, వాననీరు పోదు. నిలిచిన నీరు ఎండకు ఆవిరై ఏటేటా ఉప్పు పెరిగింది. నాకు ఆ రోజు నాన్న మీద కోపం రాలేదు. ఆ కూలి డబ్బుతోనే మా నాయనమ్మ ఇల్లు నడిపిందని నాకు తెలుసు.

తర్వాత పుస్తకాలు తిరగేస్తే నాన్న మాటే శాస్త్రమని తెలిసింది. 1990ల చివరి నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా ఫౌండేషన్, అటవీ శాఖ, గ్రామస్థులు కలిసి కృష్ణా, గోదావరి డెల్టాల్లో పాడైన మడ నేలలను బాగుచేశారు. వాళ్ళు ముందుగా మొక్క నాటలేదు, కాలవలు తవ్వారు. పాయ నుంచి ఒక పెద్ద కాలవ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలవలు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. పోటునీరు వచ్చి పోతూ ఉంటే ఉప్పు కడుక్కుపోతుంది. మొక్క తర్వాతి మాట.

దేశంలో సుమారు 540 చదరపు కిలోమీటర్ల మడ అడవులను ఐదేళ్ళలో పెంచాలని కేంద్ర ప్రభుత్వం 2023 జూన్ 5న మిష్టీ పథకం మొదలుపెట్టింది. మంచి పనే. కానీ అంత పెద్ద పనిలో మొక్కల లెక్కే చూస్తే, మా రెండు వందల మొక్కల కథే పెద్ద ఎత్తున జరుగుతుంది. పోటు ఎంతవరకు వస్తుంది, పైనుంచి మంచినీరు, ఒండ్రు ఎంత దిగుతున్నాయి, గట్లు ఎక్కడ అడ్డున్నాయి అనేవి ముందు చూడాలి. గోదావరి ఒండ్రు పైన ఆనకట్టల వెనక ఆగిపోతుంటే, డెల్టా అంచు కోతకు గురవుతుంది. అంటే మడ కోసం నది మొత్తాన్ని చూడాలి. ఇంకొకటి, అక్కడ పీతలు పట్టి బతికేవాళ్ళను, కూలివాళ్ళను అడగాలి. వాళ్ళకు బువ్వ దొరక్కపోతే మళ్ళీ ఎవరో ఒక గట్టు వేయిస్తారు, మళ్ళీ ఎవరో ఒక నాన్న కూలికి వెళ్తాడు.

కిందటేడు అనుమతులు వచ్చాక ఆ గట్టుకు గండ్లు కొట్టి కాలవలు తవ్వారు. కూలికి వెళ్ళినవాళ్ళలో మా నాన్న కూడా ఉన్నాడు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశాను. కాలవల అంచున జానెడు తెల్లమడ మొక్కలు కొన్ని లేచాయి. అవి ఎవరూ నాటినవి కావు. పోటే విత్తనం తెచ్చింది. ఒక పిల్ల కాలవ అప్పుడే బురదతో పూడింది. ఏటా పూడిక తీయకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది.

తొమ్మిదో తరగతిలో మన హాస్టల్ వదిలి వెళ్ళిపోయిన ఒక స్నేహితుడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. "వాడికి చదువు అబ్బలేదు" అనుకున్నాం. వాడికి నీరు అందిందో లేదో ఎవరమూ చూడలేదు. ఈసారి పక్క మంచం తమ్ముడు వెనకబడితే, ముందు గట్టు ఎక్కడుందో చూడండి. ఈ హాస్టల్ నాకు కాలవ అయింది. దాని పూడిక తీసే పని ఇప్పుడు మనందరిదీ.