బతికుంటే సరిపోదు

మా మావయ్యది మిరప సాగు, నాది మైక్రోబయాలజీ. అందుకే నారుకుళ్లు రాకుండా సూడోమోనాస్ పొడి తెచ్చినప్పుడల్లా నాకు ఫోన్ వస్తుంది. "అమ్మాయ్, ఇందులోవి బతికే ఉన్నాయంటావా?"

ప్యాకెట్ మీద సీఎఫ్‌యూ అని ఓ అంకె ఉంటుంది. గ్రాము పొడిలో ఎన్ని బ్యాక్టీరియా బతికున్నాయో చెప్పే లెక్క అది. చదివి చెప్పేస్తాను. కానీ నా అనుమానం వేరే: ఆ బతికున్నవి పని చేస్తాయా?

ఈ అనుమానానికి మూలం స్విట్జర్లాండ్‌లో ఉంది. అక్కడ మోరెన్స్ ప్రాంతపు పొగాకు నేలలో, వేర్లను నల్లగా కుళ్లబెట్టే శిలీంధ్రం ఉన్నా మొక్కలు తట్టుకునేవి. ఆ మట్టిలో దొరికిన ఓ సూడోమోనాస్ రకానికి సీహెచ్ఏ0 అని పేరు పెట్టారు. అది డీఏపీజీ అనే యాంటీబయాటిక్‌నీ, హైడ్రోజన్ సయనైడ్‌నీ తయారుచేస్తుంది. అవును, సయనైడే! 1992లో తేలిందేంటంటే, గ్యాక్‌ఏ అనే ఒక్క జన్యువు చెడితే ఈ రెండూ ఆగిపోతాయి, పొగాకుకు రక్షణ బాగా పడిపోతుంది. ఆయుధాలు చేసే జన్యువులు మాత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉంటాయి.

మరి ఎందుకు ఆగాయి? జన్యువు నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏని వంట చీటీ అనుకోండి. మామూలుగా ఆ చీటీ మీద ఆర్‌ఎస్‌ఎమ్ అనే ప్రొటీన్లు చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంటాయి. చదవలేక వంట మొదలవ్వదు. బ్యాక్టీరియా గుంపు పెరిగేకొద్దీ అవి వదిలే సంకేతం కూడా పెరుగుతుంది. పొర మీదున్న గ్యాక్‌ఎస్ దాన్ని పసిగట్టి గ్యాక్‌ఏని లేపుతుంది. గ్యాక్‌ఏ చిన్న చిన్న ఆర్‌ఎన్‌ఏలని పుట్టిస్తుంది, అవి వెళ్లి ఆ ప్రొటీన్లని తమవైపు లాగేసుకుంటాయి. చీటీ ఖాళీ అయ్యింది, వంట మొదలు. ఒంటరిగా ఉన్నప్పుడు యుద్ధానికి దిగకపోవడం ఎంత తెలివి!

చిక్కల్లా ఫ్లాస్కులో. అక్కడ కడుపునిండా తిండి, శత్రువు లేడు. ఆయుధాలు చేయడం దండగ ఖర్చు. గ్యాక్ జన్యువు అనుకోకుండా చెడిపోయిన కణానికి ఆ ఖర్చు మిగిలి, కొన్ని రోజుల్లో మిగతావాటిని దాటుకుని పెరుగుతుంది. సీఎఫ్‌యూ లెక్కకి అదీ ఒకటే, ఇదీ ఒకటే.

కనిపెట్టడం కష్టమేం కాదు. పాలపొడి కలిపిన అగర్ ప్లేటు మీద పెంచితే, స్విచ్ పనిచేసే కాలనీ పాల ప్రొటీన్‌ని కరిగించి చుట్టూ తేట వలయం చేస్తుంది. చెడినదాని చుట్టూ తెల్లగానే ఉంటుంది. మా ల్యాబ్ రకాన్నే వారం పాటు చిక్కటి బ్రాత్‌లో ఉంచి ప్లేటు మీద వేశాను. వలయాల మధ్య అక్కడక్కడా ఏ వలయమూ లేని కాలనీలు. ఆరోగ్యంగా, నిగనిగలాడుతూ! చూస్తే కోపమొచ్చింది.

తయారీలో దీన్ని తగ్గించే దారులున్నాయి. తిండి పలచన చేయడం, కొన్ని ఖనిజాలు కలపడం పనిచేస్తాయని ప్రయోగాల్లో తేలింది. నిన్నటి పెరుగుతో ఇవాళ్టి పాలు తోడేసినట్టు బ్యాచ్ నుంచి బ్యాచ్‌కి పాకించకుండా, ప్రతిసారీ ఫ్రీజర్‌లో దాచిన అసలు రకం నుంచే మొదలుపెట్టడం ఇంకోటి. మావయ్య కొనే ప్యాకెట్ మీద సీఎఫ్‌యూ పక్కన పాల ప్లేటు పరీక్ష ఫలితం కూడా అచ్చేస్తే బావుణ్ను. ఆ ప్లేటుకి కావాల్సింది కాస్త పాలపొడి, రెండు మూడు రోజుల ఓపిక.