కనపడని చోట కందెన

కరప దాటేదాకా బండి బాగానే వచ్చింది. ఆ తర్వాత పొలాల మధ్య, గాలి తప్ప వేరే చప్పుడు లేని చోట, కింద నుంచి కిచకిచ మొదలైంది. పిచ్చుక పిల్ల ఎక్కడో ఇరుక్కుని అరుస్తున్నట్టు. వేగం పెంచితే అదే కరకర అయింది. మూడు వారాల కిందటే సర్వీసు చేయించాను. ఎక్కడన్నది ఇప్పుడెందుకు గానీ, బిల్లులో చైనుకని ఒక పద్దు ఉంది, డబ్బులూ ఇచ్చాను. పక్కకి ఆపి చైన్ బాక్సుకున్న రబ్బరు మూత ఊడదీసి లోపలికి చూశాను. నల్లటి జిడ్డు దండిగా ఉంది. ఇంత జిడ్డున్న చైను ఎందుకరుస్తుందో అంతుపట్టలేదు.

నేను వెళ్తున్నది ద్రాక్షారామం భీమేశ్వరాలయానికి, గోడల మీది శాసనాలు చూడ్డానికి. అది అయ్యాక కోటిపల్లి రేవుకెళ్లి, పంటు ఎక్కి, గోదావరి గౌతమి పాయ దాటి ముక్తేశ్వరం పోవాలని ఆలోచన. ఈ అరుపుతో రేవు దాకా వెళ్లబుద్ధి కాలేదు. ఊళ్లోకొచ్చాక గుడి గోపురం కనపడే దూరంలో ఓ రేకుల షెడ్డు ముందు ఆపాను. బోర్డు లేదు. కొబ్బరిచెట్టుకు పాత టైరొకటి వేలాడుతోంది, అంతే.

మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. నన్నూ నా భుజానున్న సంచినీ చూసి "రండి మేస్టారూ" అన్నారు. నేను బడిపంతుల్ని కానని చెప్పే సందు కూడా ఇవ్వకుండా, "చైను ఎండిపోయిందండి" అన్నారు. బండి ఇంకా స్టాండు కూడా వెయ్యలేదు.

"ఇందాకే చూశానండి, జిడ్డు బాగానే ఉంది" అన్నాను.

"ఆయ్, బయట ఉందండి. లోపల లేదు."

నా ముందు మూడు బళ్లున్నాయి. గుడికెళ్లి రమ్మన్నారు.

తూర్పు చాళుక్యుల నాటి గుడి అది. రెండంతస్తుల గర్భాలయం, కింద మొదలైన లింగానికి పూజ పై అంతస్తులో. శాసనాలు వందల్లో ఉన్నాయి. యుద్ధాల కబుర్లు దొరుకుతాయనుకుని వెళ్లేవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేవి దీపాలు. ఫలానా ఆయన అఖండ దీపానికి ఇన్ని గొర్రెలిచ్చాడు, వాటిని మేపుకునేవాడు రోజూ ఇంత నెయ్యి తెచ్చి పోయాలి, అతని తర్వాత కొడుకులు, మనవలు పోయాలి. పొయ్యాల్సిన రోజు మరిచిపోతారన్న అనుమానం ఆ కాలం వాళ్లకూ ఉన్నట్టుంది, అందుకే రాతి మీద చెక్కించారు. గంటన్నర ఆ గోడల దగ్గరే గడిచింది.

తిరిగొచ్చేసరికి షెడ్డులో ఒక ఎక్సెల్ బండి మీద పని నడుస్తోంది. టీవీఎస్ 50 అని 1980లో మొదలైన వంశం అది. డెల్టాలో కొబ్బరికాయలు, అరటిగెలలు, పచ్చగడ్డి మోపులు, ధాన్యం బస్తాలు అన్నీ దాని నెత్తినే. మేస్త్రి దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు నోస్ ప్లయరు పట్టుకుని వెనక పళ్లచక్రం సందులోంచి ఎండుగడ్డి పోచలు ఒక్కొక్కటే లాగుతున్నాడు. రెండో పంట దాళ్వా కోతలప్పుడు ఇదే పనట. ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు, బళ్లు దాని అంచుల మీంచే పోవాలి. గడ్డి చక్రానికి చుట్టుకుంటుంది, ఊక దుమ్ము చైనులోకి చేరుతుంది. తొలకరి పంట సార్వాలో నల్లరేగడి బురద. అది తడిగా ఉన్నప్పుడు చేసే చెరుపు తక్కువే. ఎండి పొడైందంటే సానరాయే. మధ్యలో ఇసుక లారీలు ఉండనే ఉన్నాయి. ఇంకా తూర్పుకు, సముద్రం వైపు వెళ్తే ఉప్పుగాలి. చైనుకు నూనె వెయ్యడానికి బండి తయారుచేసినవాళ్లు రాసిన కిలోమీటర్ల లెక్క ఇక్కడ సగానికే సరిపెట్టుకోవాలంటారు మేస్త్రి.

నా బండి వంతు వచ్చింది. ముందు తాళం తీసి తన చొక్కా జేబులో వేసుకున్నారు. ఎందుకని అడిగితే, కొందరు గేరులో పెట్టి ఇంజను నడిపిస్తూ తిరిగే చైనుకు గుడ్డ పట్టిస్తారనీ, గుడ్డ వెనకాలే వేళ్లు పోతాయనీ చెప్పారు. "చక్రం చేత్తో తిరుగుతుంది కదండీ. దానికి ఇంజనెందుకు?" డబుల్ స్టాండు వేసి, న్యూట్రల్లో పెట్టి, చైన్ బాక్సు బోల్టులు విప్పారు.

లోపల చైను కనపడలేదు. నల్లటి ముద్ద ఒకటి చైను ఆకారంలో ఉంది. ఆయన వేలితో తీసి నా అరచేతిలో రాశారు. రెండు వేళ్ల మధ్య నలిపితే గరగరమంది. మూడు వారాల కిందటే సర్వీసు చేయించానని చెప్పాను.

"గ్రీజు పూశారండి. చక్రం బేరింగుకు పెట్టే గ్రీజు. ఇది లోపలికి పోదు. పైన కూర్చుని దుమ్మునంతా పిలుచుకుంటుంది. మీ చైనుకు మూడు వారాలుగా ఆ సర్వీసువాళ్లు సాన పట్టారు."

చైను లాకు ఊడదీసి, చైనును కోసిన ఆయిల్ డబ్బాలో వేసి, మునిగేదాకా కిరోసిన్ పోశారు. నానే లోపు, గోడకు తగిలించిన ఓ పాత చైను ముక్క తీసి చూపించారు. ఒక లంకె మాత్రమే చూద్దాం. అటొక పలక, ఇటొక పలక. వాటిని కలుపుతూ పిన్ను. పిన్ను మీద గొట్టంలా బుష్షు. బుష్షు మీద తిరిగే రోలరు. పళ్లచక్రానికి తగిలేది రోలరే, దాన్ని ఎవరైనా చూడగలరు. అసలు రాపిడి పిన్నుకూ బుష్షుకూ మధ్య, వెంట్రుక దూరని సందులో. ఈ అమరికను 1880లో మాంచెస్టర్‌లో స్థిరపడిన స్విట్జర్లాండ్ ఆయన హాన్స్ రెనాల్డ్ తయారుచేశాడు. కోయంబత్తూరు రోలాన్ చైనులోనూ, చెన్నై డైమండ్ చైనులోనూ ఇప్పటికీ అదే.

చైను సాగిందంటాం. ఇనుము సాగదు. ప్రతి లంకెలోనూ పిన్నూ బుష్షూ కాస్త కాస్త అరిగి సందు పెరుగుతుంది, ఆ సందులన్నీ కలిస్తే చైను పొడుగవుతుంది. మామూలు బళ్ల చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు. అందులో పావు మిల్లీమీటరు పెరిగితే కంటికి ఏం తెలుస్తుంది? కానీ లంకెలు వంద ఉంటే మొత్తం 25 మిల్లీమీటర్లు, అంగుళం! అంత పెరిగిన చైను పళ్లచక్రం మీద సరిగ్గా కూర్చోదు, పళ్లను కొరికేసుకుంటుంది. అరిగిన చక్రం కొక్కేల్లా వంగిన పళ్లతో షెడ్డు మూల పడుంది. దాని మీద కొత్త చైను వేస్తే ఆ కొత్తదాన్నీ అది తినేస్తుంది, అందుకే మార్చితే చైనూ, రెండు పళ్లచక్రాలూ మూడూ కలిపి సెట్టుగా మార్చాలంటారు.

మా బండిలాంటి దాని మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే చైను సెకనుకు రెండు చుట్లకు పైనే తిరుగుతుంది. ప్రతి చుట్టుకూ ప్రతి లంకె రెండు పళ్లచక్రాల దగ్గరా వంగాలి, మళ్లీ నిటారవ్వాలి. ఆ కిచకిచ ఎక్కడిదో అప్పుడర్థమైంది.

నానిన చైనును పాత టూత్ బ్రష్షుతో కుర్రాడు రుద్దుతుంటే డబ్బా అడుగున నల్లటి మడ్డి చేరింది. ఒకసారి పారబోసి మళ్లీ పోశారు. పెద్ద బళ్ల చైన్లకు పలకల మధ్య రబ్బరు రింగులుంటాయి, వాటికి లోపలి గ్రీజు కంపెనీలోనే నింపి మూసేస్తారు. ఆ చైన్లకు పెట్రోలు తగలకూడదు, ఇనుప బ్రష్షు అసలే కూడదు, రింగు పోతే చైను పోయినట్టే. నాది రింగుల్లేని పాత రకం కనుక ఈ మునకలు తట్టుకుంది.

ఆరాక మేస్త్రి చైనును లంకె తర్వాత లంకె వేళ్ల మధ్య వంచుతూ పోయారు, తావళం తిప్పినట్టు. రెండుచోట్ల ఆగారు. అక్కడ లంకె బిగిసిపోయి ఉంది. చుక్క నూనె వేసి అటూ ఇటూ ఆడిస్తే వదిలింది. తర్వాత చైనును అడ్డంగా, పలకలు నేలవైపు ఉండేలా రెండు చేతులా చాచి పట్టుకున్నారు. కొత్త చైనైతే దాదాపు కర్రలా నిలబడుతుందట, అరిగిపోయినది విల్లులా వంగుతుందట. నాది కొంచెం వంగింది. "ఈ ఏడుకు ఢోకా లేదండి" అన్నారు.

ఇంతలో ఎక్సెల్ రైతు తన బండి చైనుకు వేస్టాయిలు కొట్టమన్నాడు. ఇంజనులోంచి తీసిన కాలిన నూనె. ఊళ్లో అందరూ కొట్టేది అదేనని ఆయన వాదన.

"బాబాయ్, అందులో ఇంజను అరిగిన ఇనుపరజను ఉంటుంది. పురుగు పట్టిన బియ్యం కడిగిన నీళ్లతో అన్నం వండుకుంటావా?"

పోలిక పూర్తిగా కుదిరిందని నేననను. రైతు మాత్రం ఒప్పుకున్నాడు.

మేస్త్రి వాడేది గేరు నూనె, 90 నంబరుది. దానికి పశువులకు ఇంజక్షన్లిచ్చే లావుపాటి సిరంజి, సూది లేకుండా. ఈ పని కుర్రాడిది. కింది వరస చైనుకు లోపలి వైపు నుంచి, పలకల అంచుల దగ్గర చుక్కలు వేస్తూ రెండో చేత్తో చక్రం తిప్పుతున్నాడు. చక్రం తిరిగినప్పుడు నూనె బయటికి చిమ్ముతుంది కాబట్టి లోపలి నుంచి వేసిందే సందుల్లోంచి పోతుంది, పైనుంచి పోస్తే రిమ్ము మీదికి పోతుంది. పది నిమిషాలు ఆగాక గుడ్డ పెట్టి తుడిచేయడం మొదలుపెట్టాడు.

"వేసిందంతా తీసేస్తున్నాడేమిటండీ?"

"బయటది తీసేస్తున్నాడండి. బయటున్నది మనది కాదు, దుమ్ముది."

మేస్త్రి నాన్నగారు వడ్రంగి, ఎడ్లబళ్ల చక్రాలు చేసేవారట. ఇరుసుకు కందెన పెట్టే పని చిన్నప్పుడు తనదేనన్నారు. సుమతీ శతకంలో శివుడి బండికి కూడా కందెన తప్పదని చెప్పే పద్యం గుర్తుచేసి, "ఇదిగో, ఆయన ఊరు ఇదే కదండీ" అని గుడి వైపు చెయ్యెత్తారు. ఆ పద్యం అసలు కరణాన్ని మంచి చేసుకోవాలని చెప్పేదని నేనంటే ఇద్దరం నవ్వుకున్నాం.

లాకు పెట్టేటప్పుడు క్లిప్పు మూసిన వైపు చైను కదిలే దిక్కుకు ఉండేలా చూశారు. తెరిచిన వైపు ముందుంటే దేనికైనా తగిలి ఊడిపోతుంది. వెనక చక్రం నట్టు వదులు చేసి, రెండు పక్కలా గీతలు సమానంగా ఉండేలా అడ్జస్టర్లు తిప్పారు. కింది వరస నడిమధ్య పైకీ కిందికీ ఆడిస్తే రెండు, మూడు సెంటీమీటర్ల లూజుండాలి. చక్రం తిప్పుతూ నాలుగుచోట్ల చూసి, అన్నిట్లోకీ బిగువుగా ఉన్నచోట ఆ కొలత పెట్టారు. చైను బిగువుగా ఉంటే బండి బాగుంటుందనుకునేవాళ్లు చాలామంది. మనిషి కూర్చోగానే అది ఇంకా బిగుస్తుంది, అప్పుడు బేరింగులు ఏడుస్తాయి.

చైన్ బాక్సు తిరిగి బిగిస్తూ ఆయన దాన్ని ఒక తట్టు తట్టారు, దూడను తట్టినట్టు. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 ప్రకటన పెట్రోలు నింపి, మూసి, మరిచిపొమ్మంది. జనం చైనును కూడా మరిచిపోయారు. మరిచిపోయినా నడిచిందంటే ఈ రేకు డొప్ప పుణ్యమే. ఇప్పటి కుర్రకారు బళ్లకు అందం కోసం దాన్ని తీసేసి చైనును బట్టబయలు చేశారు. ఈ బురద నేలలో అది అందం కాదు, దండగ. ఈ మాట నాది, ఆయన మీద పెట్టను. అలాంటి బళ్లు వస్తేనే ఆయనకు పని ఎక్కువ.

చివరికి సైడు డోరు తీసి దాని లోపలి వైపు మార్కరుతో మీటరు అంకె రాశారు. దాని కింద, మళ్లీ నూనె వెయ్యాల్సిన అంకె. తేడా 500 కిలోమీటర్లు. అప్పటికే అక్కడ ఇంకొకరి చేతిరాతతో రెండు పాత అంకెలున్నాయి, ఆ డోరు ఏనాడూ తీయని నేను చూడనే లేదు. పొద్దున గోడ మీద చదివినవాటి పక్కన దీన్ని పెట్టి చూడాలనిపించింది.

తాళం ఇస్తూ, "కోటిపల్లిలో దిగాక వెనక రిమ్ము చూడండి. చుక్కలుంటే మేం ఎక్కువేసినట్టు" అన్నారు.

పది కిలోమీటర్ల పైచిలుకు దారి. కిచకిచ లేదు. రేవులో పంటు అవతలి ఒడ్డున ఉంది, ఇవతల ఏడెనిమిది బళ్లు వరసలో నిలబడ్డాయి. అలవాటు లేని కుతూహలంతో ఒక్కోదాని వెనక చక్రం వైపూ వంగి చూశాను. ఒకటి తుప్పుతో ఎర్రబడింది. ఒకదానికి నా చైను పొద్దుటి రూపం, నల్లముద్ద. ఒకాయన "ఏవండీ, ఏం పోయింది?" అని అడిగాడు. ఏమీ లేదని చెప్పి నా రిమ్ము దగ్గర కూర్చున్నాను. మూడు చుక్కలు, కందిగింజంతేసి. రుమాలుతో తుడిచాను.

సాయంత్రం తిరుగు దారిలో షెడ్డు దగ్గర వేగం తగ్గించి, మూడని వేళ్లు చూపించాను. మేస్త్రి లోపలికి తిరిగి కేకేశారు.

"ఒరేయ్, మూడంటరా!"