లైట్లు ఆర్పి, ఆగి...

“లైట్లెందుకు ఆర్పేస్తివి పాపా? ఎవరన్నా వచ్చి గుద్దితే ఎట్ల?”

అమ్మ అడిగిన ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. 2022 జూలైలో ఒక సాయంత్రం. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, టూసాన్ నుంచి ఫీనిక్స్ వైపు వెళ్ళే ఐ-10 హైవే దిగి, పక్క మట్టిలో కారు ఆపి కూర్చున్నాం మేమిద్దరం. పొద్దు ఇంకా ఉంది, అయినా చుట్టూ చీకటి. కారు బానెట్ కూడా కనిపించడం లేదు. అద్దాలను ఇసుక గోకుతున్న చప్పుడు. అమ్మ అడిగినదాంట్లో న్యాయం ఉంది. చీకట్లో దీపం వెలిగించుకుంటారు గానీ ఉన్న దీపం ఆర్పుకుంటారా ఎవరైనా?

మేముండేది ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో. పరిశోధన పని మీద నేను తరచూ టూసాన్ వెళ్ళొస్తుంటాను. దాదాపు వంద మైళ్ళ దారి. రెండు పక్కలా పత్తిచేలు, బీడు పడిన పొలాలు, ఎడారి. జూన్ నడుమ నుంచి సెప్టెంబరు చివరిదాకా ఇక్కడ వానాకాలం. మబ్బులోంచి పడే వాన చాలాసార్లు నేలను చేరకముందే గాలిలో ఆవిరైపోతుంది. అలా చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా కిందికి దిగి, నేలను తాకి, నలుదిక్కులా పరుగెడుతుంది. దారిలో దున్ని వదిలేసిన నేల, గడ్డిలేని బీడు తగిలితే ఆ మట్టినంతా లేపుకుని గోడలా వస్తుంది. సూడాన్ వైపు వాడే అరబ్బీ మాట ‘హబూబ్’నే ఇక్కడా వాడతారు. 2011 జూలై 5న ఫీనిక్స్ మీదికి వచ్చిన గోడ ఐదు వేల అడుగులకు పైగా ఎత్తుంది. అనంతపురంలో పుట్టి పెరిగిన నాకు గాలిదుమారం కొత్త కాదు. గంటకు డెబ్భై ఐదు మైళ్ళ వేగంలో దానికి ఎదురెళ్ళడం మాత్రం కొత్త.

ఈ రహదారి మీద ఏం చేయాలో ఇక్కడి రవాణా శాఖ ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది. జనానికి గుర్తుండాలని 2012లో దుమ్ము తుఫాను మీద హైకూల పోటీ కూడా మొదలుపెట్టింది. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి అది చూసి నవ్వుకున్నాను, సంతోషపడ్డాను. సూచనలు మాత్రం నవ్వులాట కాదు. మొదటిది, దుమ్ములోకి అసలు వెళ్ళొద్దు. గోడ కనిపించగానే ఎగ్జిట్ తీసుకుని ఎక్కడైనా ఆగండి. తప్పక చిక్కుకుంటే, పూర్తిగా కనిపించకుండా పోయేదాకా చూడకుండా, ముందూ వెనకా గమనించుకుంటూ వేగం తగ్గించి రోడ్డు దిగండి. బండ్లు నడిచే వరసలోనూ ఆగొద్దు, పక్కనున్న అత్యవసర వరసలోనూ ఆగొద్దు. తారు దాటి వీలైనంత దూరం వెళ్ళండి. మిణుకుమిణుకుమనే ఎమర్జెన్సీ లైట్లతో సహా అన్నీ ఆర్పేయండి. పార్కింగ్ బ్రేకు వేసి, బ్రేకు పెడల్ మీంచి కాలు తీసేయండి. సీటుబెల్టు తీయకుండా లోపలే కూర్చోండి. గాలి తగ్గేదాకా.

ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ ఆరోజు మొదటి సూచనే పాటించలేదు.

పికాచో పీక్ కొండ దగ్గరికి వచ్చేసరికి ఉత్తరాన గోధుమరంగు గోడ లేచి కనిపించింది. ఫోన్‌లో వాతావరణ శాఖ హెచ్చరిక మోగింది. ఎగ్జిట్ ఎదురుగా ఉంది. డాష్‌బోర్డు మీద గడియారం చూశాను. పాప ఉండే డేకేర్ ఆరింటికి మూసేస్తారు. ఆ తర్వాత నిమిషానికి ఒక డాలరు. డబ్బు సంగతి అలా ఉంచితే, తలుపు దగ్గర సంచి తగిలించుకుని చివరి పిల్లగా నిలబడే నా కూతురు కళ్ళముందు మెదిలింది. ఎగ్జిట్ దాటేశాను.

అక్కడినుంచి ఎలోయ్ దాకా ఉన్న పది మైళ్ళలో 2020 నుంచి దుమ్మును పసిగట్టే సెన్సర్లున్నాయి. రోడ్డు మీది బోర్డుల్లో వేగ పరిమితి వాటంతట అదే తగ్గుతుంది. డెబ్భై ఐదు కాస్తా యాభై ఐదైంది, తర్వాత ముప్ఫై ఐదు. అప్పుడే నా సహచరుడి ఫోన్. కారు స్పీకర్లో అతని గొంతు: “ఎక్కడా ఆగకు. ముందు ఏదో ఒక ట్రక్కు ఉంటుంది కదా, దాని ఎర్రలైట్లు పట్టుకుని మెల్లగా వచ్చెయ్. చీకట్లో ఇద్దరాడవాళ్ళు రోడ్డు పక్కన ఆగడం మంచిది కాదు.”

ప్రేమతోనే అన్నాడు. అమ్మ కూడా తల ఊపింది. నిజానికి నా లోపలి గొంతు కూడా అదే అంటోంది. చిన్నప్పటినుంచీ విన్నది అదే కదా! ఆలస్యమైతే ఎక్కడా నిలబడొద్దు, నేరుగా ఇంటికి రా. ఆగిన ఆడదానికే ప్రమాదం, నడుస్తున్న ఆడదానికి కాదు. ముందు వెళ్ళేవాళ్ళ దీపం పట్టుకుని వెళ్ళిపో.

కానీ ఈ రోడ్డు మీద చంపేది సరిగ్గా ఆ సలహాయే. 2013 అక్టోబరు 29న ఇదే పికాచో పీక్ దగ్గర దుమ్ములో పందొమ్మిది వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకుని ముగ్గురు చనిపోయారు. 2023 మే 1న ఇలినాయ్ రాష్ట్రంలో, ఎడారి కాని చోట, కొత్తగా దున్నిన పొలాల మట్టి గాలికి లేచి హైవేను కప్పేస్తే డెబ్భైకి పైగా వాహనాలు గుద్దుకున్నాయి. కనీసం ఏడుగురు పోయారు. ఒక్కరు వరసలో ఆగితే వెనకవాళ్ళకు తెలియదు. ముందువాళ్ళ దీపాన్ని నమ్ముకుని వచ్చేవాళ్ళకు ఆ దీపం కదులుతోందో, ఆగి ఉందో తెలియదు.

ఫోన్ కట్ చేసి, వేగం తగ్గించి, రోడ్డు దిగాను. లైట్లన్నీ ఆర్పాను. పార్కింగ్ బ్రేకు వేశాను. కుడికాలు మాత్రం పెడల్ మీదే బిగుసుకుని ఉంది. అప్పుడే అమ్మ ఆ ప్రశ్న అడిగింది.

“మన వెనక లైటు వెలుగుతుంటే మనం రోడ్డు మీదే పోతున్నామనుకుంటారమ్మా. మన వెంట వస్తున్నామనుకుని నేరుగా వచ్చి గుద్దుతారు” అన్నాను. అంటూండగా నా కాలు గుర్తొచ్చింది. అది పెడల్ మీద ఉన్నంతసేపూ వెనక ఎర్రలైటు వెలుగుతూనే ఉంటుంది. బలవంతంగా తీశాను. ఒక నిమిషం కూడా గడవలేదు, ఎడమ పక్కనుంచి పెద్ద ట్రక్కు వెళ్ళిన ఊపుకి కారు కదిలింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

అలా ఇరవై నిమిషాలు. ఆ చీకట్లో అమ్మ తన సంగతి ఒకటి చెప్పింది. పక్కపల్లెలో టీచరుగా పనిచేసే రోజుల్లో ఓ ఎండాకాలం సాయంత్రం, బస్సు దిగి నడిచొస్తుంటే దుమారం లేచిందట. చేనిగట్టు చాటున గాలికి వీపు పెట్టి, కొంగు ముఖానికి కప్పుకుని కూర్చుందట. “దుమ్ములో నడిస్తే బావిలో పడతామని మా నాయన చెప్పినాడు. కూర్చుంటి. ఇంటికి పోతే మీ జేజి, ఇంతసేపు యాడుంటివి అని వారం దినాలు మాట్లాడకపోయె” అంది. దుమారం గురించి కంటే ఆ వారం గురించే ఎక్కువసేపు చెప్పింది. నేను నవ్వలేకపోయాను. గంట క్రితం నేను ఎగ్జిట్ వదిలేసింది కూడా ఆలస్యానికి భయపడే.

ఆరోజు నేను టూసాన్‌లో మాట్లాడి వచ్చింది సనోరా బాబ్ గురించి. 1930లలో గడ్డిమైదానాలను గోధుమ కోసం దున్నేసి, కరువొచ్చి, ఆ మట్టి గాలికి లేచి రైతులు వలసపోయిన కాలాన్ని ఆమె నవలగా రాసింది. 1939లో స్టైన్‌బెక్ ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ రాగానే, అదే విషయం మీద ఇంకో నవల ఎందుకని ప్రచురణకర్త ఆమె నవలను పక్కన పెట్టేశాడు. అది 2004లో గానీ అచ్చు కాలేదు. 1907లో పుట్టిన ఆమెకు అప్పటికి తొంభై దాటాయి. ‘సమయానికి అందుకోలేకపోయిన రచయిత్రి’ అని నా ఉపన్యాసంలో అన్నాను. దుమ్ములో కూర్చున్నాక ఆ మాట నాకే నచ్చలేదు. ఆమె ఆలస్యంగా రాలేదు, ఆపేశారు. ఆగడానికీ ఆపబడడానికీ ఉన్న తేడా అంతసేపూ ఆలోచించాను. మనల్ని ఆపేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. మనంతట మనం ఆగే హక్కే ఎవరూ ఇవ్వలేదు.

గాలి తగ్గి బురదచినుకులు పడ్డాయి. డేకేర్ చేరేసరికి ఆరూ యాభై. పాప టీచరు ఒళ్ళో నిద్రపోతోంది. పక్కన ఆ టీచరు సొంత కూతురు హోంవర్క్ చేసుకుంటోంది. నేను క్షమాపణ చెప్పబోతే ఆమె మధ్యలోనే, “లైట్లు ఆర్పావా?” అని అడిగింది. తలూపాను. “మంచి పని చేశావు” అంది. నెలాఖరు బిల్లులో యాభై డాలర్లు అదనంగా వచ్చాయి. అందులో ఆమెకెంత ముట్టిందో నాకు తెలియదు. నేను క్షేమంగా ఆగగలిగింది ఆమె ఇంటికి ఆలస్యం చేసుకోవడం వల్లే.

ఆ రాత్రి సహచరుణ్ణి ఒక్క ప్రశ్న అడిగాను. “నీ ఆఫీసు డేకేర్‌కి ఇరవై నిమిషాల దూరం. ఆగొద్దని నాకు చెప్పే బదులు, నేను పాపను తెస్తాను, నువ్వు ఆగు అని ఎందుకు అనలేదు?” చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “తట్టలేదు” అన్నాడు. అడగాలని నాకూ తట్టలేదు మరి. డేకేర్ కాగితంలో పాపను తీసుకెళ్ళేవారి వరసలో నా పేరొక్కటే రాసింది నేనే.

మర్నాడు ఆ కాగితంలో అతని పేరు, పక్కింటావిడ పేరు చేర్చాం. వానాకాలంలో నేను టూసాన్ వెళ్ళే రోజున పాపను తెచ్చేది అతనే. బయల్దేరే ముందు హెచ్చరికలు చూసుకుంటాను, కారులో నీళ్ళు పెట్టుకుంటాను. గోడ కనిపిస్తే మొదటి ఎగ్జిట్‌లోనే దిగిపోతాను. రవాణా శాఖ సూచనల్లో లేనిది ఈ కాగితం ఒక్కటే. అది లేకుండా మిగతావి పాటించడం నావల్ల కాలేదు.

అమ్మ ఇప్పుడు అనంతపురంలోనే ఉంది. జూలై వస్తే ఫోన్ చేస్తుంది. నేరుగా ఇంటికి పో అనడం మానేసింది.

“దుమ్ము లేస్తే నిలబడు పాపా. ఆలస్యమైనా కానీ” అంటుంది.