కాటు కుక్కది, దోషమెవరిది?

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మన సామెత. ఆరు నెలలు సహవాసం చేస్తే వారు వీరవుతారని మరొక సామెత. ఒకటి పుట్టుకను నమ్మింది, రెండవది పెంపకాన్ని నమ్మింది. మన పెద్దలు ఈ రెంటినీ అవసరాన్ని బట్టి వాడుకొన్నారు. తెలుగు పండితుడిగా ముప్పై మూడేళ్లు పాఠాలు చెప్పిన కాలంలో వీటిని అల్లరి పిల్లల విషయంలో వినేవాణ్ణి. విశ్రాంత జీవితంలో కుక్కల విషయంలో వింటున్నాను.

కారణమేమిటంటే, మా వీధిలో ఒకరు రాట్‌వైలర్‌ను తెచ్చుకొన్నారు. పగలంతా గేటు ప్రక్కన గొలుసు, రాత్రి ఆవరణలో స్వేచ్ఛ. ఒకనాడు గేటు గడియ సరిగా పడలేదు. పాలు పోయడానికి వచ్చిన కుర్రవాడి పిక్క పట్టుకొంది. కాలనీ సంఘం సమావేశమైంది. "ఆ జాతే అంత మాస్టారూ, నిషేధిస్తున్నామని తీర్మానం వ్రాసేయండి" అన్నారు సగం మంది. "మా మనవరాలితో ఆడుకొంటుందండీ, వాడే బెదరగొట్టి ఉంటాడు" అన్నారు యజమాని. భాష తెలిసినవాడినని వ్రాసే పని నాపై పడింది. వాక్యానికి కర్త ఎవరు? కుక్కా, మనిషా? వ్యాకరణంలో ఇంత తడుముకొన్న జ్ఞాపకం లేదు.

జాతి పక్షాన చెప్పవలసినది ముందు చెబుతాను. 2022 జులైలో లక్నోలో 82 ఏళ్ల విశ్రాంత ఉపాధ్యాయురాలు తన ఇంటి పిట్‌బుల్ దాడిలో మరణించారు. నా వృత్తికి చెందిన పెద్దావిడ కావడం చేత ఆ వార్త నన్ను చాలా రోజులు వెంటాడింది. 2024 మేలో చెన్నైలోని ఒక పార్కులో రెండు రాట్‌వైలర్లు ఐదేళ్ల పాపను తీవ్రంగా గాయపరిచాయి. పిట్‌బుల్ పూర్వీకులను బ్రిటన్‌లో తోటి కుక్కలతో పోరాడించడానికే ఎంచి ఎంచి పుట్టించారు. పట్టినది వదలకపోవడం అలా తరతరాలుగా ఏరుకొన్న గుణం. పైగా కోపం సమానమైనా బలం సమానం కాదు. పొమేరియన్ కరిస్తే చర్మం చిట్లుతుంది, రాట్‌వైలర్ కరిస్తే ప్రాణం మీదికి వస్తుంది. బ్రిటన్ 1991లో చట్టం చేసి కొన్ని జాతులను నిషేధించింది. 2024 ఫిబ్రవరి 1 నుండి ఇంగ్లండ్, వేల్స్‌లలో ఎక్స్‌ఎల్ బుల్లీని మినహాయింపు పత్రం లేకుండా ఉంచుకోవడం నేరం. పత్రం ఉన్నా బయటికి తెచ్చినప్పుడు మెడకు పట్టీ, మూతికి చిక్కం ఉండవలసిందే.

మన కేంద్ర ప్రభుత్వం కూడా 2024 మార్చిలో 23 రకాల కుక్కల అమ్మకానికి, పెంపకానికి లైసెన్సులు ఇవ్వవద్దని రాష్ట్రాలకు లేఖ వ్రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దానిని కొట్టివేసింది. ఆ జాబితాలో జర్మన్ షెపర్డ్ లేదు. కాని 2023 జనవరిలో హైదరాబాదులో భోజనం అందించడానికి వెళ్లిన యువకుడు ఆ జాతి కుక్క తరమగా మూడవ అంతస్తు నుండి పడి మరణించాడు. మరుసటి నెలలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడిని చంపినవి వీధికుక్కలు. వాటికి చెప్పుకోదగిన జాతీ లేదు, యజమానీ లేడు. జాబితా వ్రాసి నిశ్చింతగా ఉందామనుకొనేవారు ఈ రెంటినీ తలచుకోవాలి.

శాస్త్రజ్ఞుల మాట కూడా ఆలోచింపజేసేదే. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన 18 వేలకు పైగా కుక్కలను గూర్చి యజమానులు చెప్పిన వివరాలను పరిశీలించింది. ఒక కుక్కకూ మరొక కుక్కకూ నడవడిలో కనిపించే భేదంలో జాతి వలన తెలిసేది దాదాపు 9 శాతమేనని తేల్చింది.

మిగిలినదంతా పెంపకమేనని కాదు గాని, పెంపకానికి చోటు చాలా ఉన్నది. కుక్కపిల్లకు మూడవ వారం నుండి పన్నెండు, పధ్నాలుగు వారాల వరకు లోకం పరిచయమయ్యే వయస్సు. అప్పుడు కొత్త మనుషులను, పిల్లలను, చప్పుళ్లను చూడనిది పెద్దయ్యాక ప్రతి అపరిచితుడినీ శత్రువుగా భావించే ప్రమాదం ఉంది. ఎప్పుడూ కట్టివేసిన కుక్కకు పారిపోయే దారి లేదు. భయం కలిగితే దానికి మిగిలేది కరవడమే. గుర్రుమన్నందుకు కొట్టేవారిని చూశాను. గుర్రుమనడం అది చేసే హెచ్చరిక. హెచ్చరించవద్దని నేర్పితే హెచ్చరించకుండానే కరుస్తుంది. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్మి చేయి చాపవద్దని మాత్రం నా మనవి.

ఇదంతా తూచిన పిమ్మట నాకు తోచినది ఇది. కాటు లోతును చాలావరకు జాతి నిర్ణయిస్తుంది. కాటు పడే అవకాశం ఇవ్వాలో లేదో నిర్ణయించేది యజమాని. జాతి ప్రమాదకరమైనదన్న వాదం అతని బాధ్యతను తగ్గించదు, పెంచుతుంది. తెలిసి పులిని తెచ్చుకొన్నవాడు గేటు గడియను రెండుసార్లు చూసుకోవద్దా? అందుచేత తీర్మానంలో ఏ జాతి పేరూ వ్రాయలేదు. "కుక్కను పెంచువారు" అని కర్తను నిలిపి, గడియ, పట్టీ, టీకా, కరచినచో వైద్యపు ఖర్చు అని నాలుగు విధులు వ్రాశాను. ఆ కుర్రవాడి సూదుల ఖర్చు యజమానే భరించారు. పోయిన పది రోజుల కూలి మాటే ఎవరూ ఎత్తకపోతే, దానినీ చేర్పించవలసి వచ్చింది. మన చట్టమూ మనిషినే కర్తగా ఎంచుకొంది. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం తన వద్దనున్న జంతువు వలన ఇతరులకు ప్రాణాపాయం గాని, తీవ్ర గాయం గాని కలుగకుండా తగు జాగ్రత్త తీసుకోనివారికి ఆరు నెలల వరకు ఖైదు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

నన్నయగారి ఆదిపర్వంలో సరమ అనే దేవశుని జనమేజయుని సభకు వస్తుంది. ఏ తప్పూ చేయని తన బిడ్డను రాజు తమ్ములు ఎందుకు కొట్టారని అడుగుతుంది. భారతంలో కుక్కకు మాట వచ్చింది కనుక సభలో నిలిచి అడగగలిగింది. మా వీధి గేటు ప్రక్కనున్న కుక్కకు ఆ సౌకర్యం లేదు. దాని తరఫున, అది కరచినవారి తరఫున కూడా, జవాబు చెప్పవలసినది గొలుసు రెండవ కొస పట్టుకొన్న చేయే.