అమ్మ కూర్చునే వైపు

మా నాన్నగారి బుల్లెట్టుకు వెనుక సీటు ఉన్నదన్న మాటేగాని, అది ఎవరిని దృష్టిలో ఉంచుకుని చేసినదో నాకు నలభై దాటేదాకా తట్టలేదు.

ఎంసీయూ-5 పత్తి నాలుగు డబ్బులు కళ్ళజూపిన రోజుల్లో, 1984లో, ఆయన ఆ బండి కొన్నారు. మద్రాసు తిరువొత్తియూరులో తయారైన 350 సీసీ బండి. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. పురుగుమందు డబ్బాలు, విత్తనాల సంచులు, మిరపనారు, చివరికి మా మేనత్త పెళ్ళి గంగాళం కూడా దానిమీదనే ఊరు చేరాయి. బరువు కట్టడానికి వెనుక ఇనుప క్యారేజీ చేయించారు. అమ్మ కోసం చేయించినది ఏమీ లేదు. శ్రీశైలం తీసుకువెళతానని మాట మాత్రం ఇచ్చారు. 1987లో తెల్లదోమ పత్తిని ఊడ్చుకుపోయింది. అప్పులు తీరేసరికి బండి పాతబడింది. ఆ తరువాత నాన్నగారే లేకుండా పోయారు.

కిందటేడు అమ్మ, "ఆ బండిమీదే వెళదాంరా" అన్నది. అరవైయెనిమిదేళ్ళ మనిషి, పైగా నడుము నొప్పి. కారెక్కితే నరసరావుపేట దాటకముందే వాంతులు. "నీకేమైనా మతి పోయిందా?" అని అక్క నన్ను తిట్టింది (అమ్మను తిట్టలేక).

దూరప్రయాణాల బళ్ళకు బిగించే సరంజామా తెప్పించాను: చక్రానికి చెరోపక్క పెట్టెలు, వీపు ఆనించుకునే దిండు. అంతా అమర్చి అమ్మను కూర్చోమన్నాను. ఆమె చీర సర్దుకుని, ఎప్పటిలాగే ఎడమపక్కకు తిరిగి కూర్చున్నది. కాళ్ళు పెట్టవలసిన చోట పెట్టె ఉన్నది. వీపుకు ఆనవలసిన దిండు ఎడమ భుజాన్ని పొడుస్తున్నది.

ఆ సుఖమంతా కాళ్ళు చెరోపక్కకు వేసి కూర్చునేవారికి! చీరకట్టిన వాళ్ళను కాస్తయినా తలచుకున్నది, విచిత్రంగా, మన చట్టమే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది వెనుక కూర్చునేవారికి పట్టుకొనే పిడి, కాళ్ళకు ఆధారం ఉండాలంటుంది. బట్టలు చిక్కుకోకుండా వెనుక చక్రం సగమైనా కప్పి ఉండాలంటుంది. మనం చీరగార్డు అనేది దాన్నే. ప్రాణం సంగతి చట్టం చూసుకున్నది, నడుము సంగతి మనకు వదిలేసింది.

గుంటూరులో నాకు తెలిసిన వెల్డింగు మేస్త్రి ఒకాయన కథంతా విని, "అమ్మగారిని తీసుకురండి, కొలత కావాలి" అన్నాడు. జాకెట్టు కుట్టేవాడిలా టేపు పట్టుకుని, ఆగిన బండిమీద ఆమెను అరగంట కూర్చోబెట్టాడు. ఎడమ పెట్టె తీసేయించాడు. రెండు పాదాలూ చదునుగా ఆనేలా అక్కడ గళ్ళరేకు పలక వచ్చింది. సామానంతా కుడి పెట్టెలోకి పోయింది. ఎడమకు వేలాడే కాళ్ళ బరువుకు అది సరితూగింది. సైలెన్సరు కూడా కుడివైపే కనుక వేడి తగలకుండా మధ్యలో రేకు, జానెడు ఖాళీ వదిలాడు. సీటు కుడి అంచున, సరిగ్గా ఆమె నడుము ఆనేచోట, రెక్సిను చుట్టిన వంపుకమ్మీ. ఛాసిస్‌కు మాత్రం వెల్డింగు పెట్టనివ్వలేదు నేను. అన్నీ పాత రంధ్రాలకు బోల్టులే. సీటులో అంతా మెత్తటి ఫోమే పెట్టమన్నాను. "వినుకొండ చేరేసరికి అణిగిపోయి ఇనుము తగులుద్ది బాబూ" అని అడుగున గట్టిది, పైన మాత్రమే మెత్తది వేశాడు. ఆయన మాటే నిజం.

ఆ కమ్మీ మూలంగా నేను టాంకు మీదుగా కాలెత్తి ఎక్కవలసి వచ్చింది. ఈ వయసులో అది చూడముచ్చటైన దృశ్యం కాదు.

దారి 200 కిలోమీటర్ల పైచిలుకు. ముప్పై కిలోమీటర్లకొకసారి దిగుతూ, రాత్రి వినుకొండలో బంధువులింట ఆగి, దోర్నాల దాటి మధ్యాహ్నానికి కొండ ఎక్కాము. కుడి మలుపుల్లో కమ్మీ ఆదుకున్నది. ఎడమ మలుపులకు మేస్త్రి దగ్గర కూడా మందు లేదు: బండి వాలినప్పుడల్లా నేల అమ్మ ముఖం మీదికి వచ్చేది, నా భుజంలో గోళ్ళు దిగేవి. నెమ్మదిగా పోవడం తప్ప చేసేదేమీ లేకపోయింది.

గుడిలో ఆమె ఏమి కోరుకున్నదో నేను అడగలేదు.

తిరుగుదారిలో త్రిపురాంతకం దాటాక, "వచ్చేటప్పుడు ఈ మిరపచేలు కనపడలేదేంరా?" అన్నది.

"అప్పుడు నీ వీపు వెనుక ఉన్నాయమ్మా."

కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీ నాన్నతో ఎక్కడికి పోయినా చీకటి పడ్డాకే ఇంటికొచ్చేవాళ్ళం" అన్నది.

ఇల్లు చేరి దిగుతూనే పలకవైపు చూసి, "దీన్ని ఇంకో రెండంగుళాలు వెడల్పు చేయించు, చెప్పులు జారుతున్నాయి" అని లోపలికి వెళ్ళిపోయింది.