కొల్లేటి గట్టు మీద బాతు చెవి

బాతుకి చెవులు ఉంటాయా? మీ ఫ్రెండ్స్‌ని అడిగి చూడండి. సగం మంది ఆలోచనలో పడిపోతారు. జవాబు నాకు కొల్లేరు పక్కన ఒక చేపల చెరువు గట్టు మీద దొరికింది.

గుడివాడ నుంచి భీమవరం వైపు వెళ్లే రైలెక్కితే మధ్యలో కైకలూరు వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే ఆటపాక పక్షుల కేంద్రం. అందరూ గూడబాతుల ఫొటోల కోసం వెళ్తారు. పేరులో బాతు ఉన్నా అవి బాతులు కావు, పెలికాన్లు. అసలు బాతుల్ని చూడాలంటే కోతలు అయిపోయిన పొలాల వైపు నడవాలి. రాలిన గింజలు, నత్తలు, పురుగులు ఏరుకుంటూ వందల బాతులు మందగా కదులుతుంటాయి. వెనక పొడుగాటి కర్రతో మనిషి. రాత్రికి గట్టు మీద వల కట్టి మందని అందులోకి తోలేస్తారు. తెల్లారేసరికి గుడ్లు.

నేను వెళ్లిన పొద్దున ఆ కాపరి మొహంలో నవ్వు లేదు. ఒక బాతుని విడిగా బుట్ట కింద పెట్టాడు. దాని తల ఓ పక్కకి వాలిపోయి ఉంది. వదిలితే అటువైపే గుండ్రంగా తిరుగుతోంది.

‘‘నాలుగొందల్లో దీన్నెలా కనిపెట్టావు బాబాయ్?’’ అన్నాను.

‘‘నీళ్లు కనబడితే బాతు తల ముంచాలి బాబూ. ఇది ముంచట్లేదు. అక్కడే దొరికిపోద్ది’’ అన్నాడు.

ఆయన భయం ఆ ఒక్క బాతు గురించి కాదు. తల వాలడానికి కారణాలు చాలా. చెవిలో ఇన్ఫెక్షన్ అయితే ఒక్క పక్షితో పోవచ్చు. అంటురోగం అయితే మందంతా ప్రమాదంలో పడుతుంది. కుళ్లిన నీళ్లలో పుట్టే విషమైతే మెడ తోటకూర కాడలా వేలాడుతుంది, అప్పుడు మందని వెంటనే అక్కణ్ణుంచి తరలించాలి. ఆయనకి ఏడాది సంపాదన ఆ నాలుగొందలే.

బాతుని చంకలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి బయల్దేరాడు. నేనూ వెంట వెళ్లాను. డాక్టరు గారు కంటికి కాస్త వెనక, కొంచెం కిందుగా ఉన్న సన్నటి ఈకల్ని వేలితో పక్కకి తోశారు. అక్కడుంది చెవి! డొప్ప లేదు, చిన్న రంధ్రం అంతే. పైన కప్పి ఉండే ఆ ఈకలు శబ్దాన్ని లోపలికి రానిస్తాయి, దుమ్మునీ నీళ్లనీ ఆపుతాయి. రెండో వైపు చెవి పొడిగా, శుభ్రంగా ఉంది. ఈ వైపు ఈకలు తడిసి అంటుకుపోయాయి, పక్కు కట్టింది, వాసన కూడా వస్తోంది.

‘‘చెవే. మంద మీద కన్నేసి ఉంచు. ఇంకోటి ఇలా కనబడితే ఆగకుండా రా’’ అన్నారాయన. ఇంజక్షన్ చేసి, మందులు వాడినన్నాళ్లూ, తర్వాత తాను చెప్పేదాకా దాని గుడ్లు అమ్మొద్దన్నారు. కాపరి గట్టిగా ఊపిరి వదిలాడు.

తిరిగొచ్చేటప్పుడు దారి పొడవునా బాబాయ్ నాకు క్లాసే తీసుకున్నాడు. ఇంట్లో సరదాగా బాతుల్ని పెంచుకునేవాళ్లకి అందులో చాలా పనికొస్తుంది. పెద్ద చెరువు అక్కర్లేదు కానీ, తల మొత్తం మునిగేంత లోతైన తొట్టి ఉండాలట. కళ్లు, ముక్కు కడుక్కునేది అలాగే. ఆ నీళ్లు రోజూ మార్చాలి. పడుకునే చోట గడ్డి పొడిగా ఉండాలి, బూజు పడితే తీసి పారేయాల్సిందే. తోక మొదట్లో ఉన్న గ్రంథి నుంచి నూనె తీసి ఈకలకి రాసుకుంటోందా లేదా గమనించాలి. వారానికోసారి వెలుతురులో చెవులు, కళ్లు, పాదాలు చూడాలి. పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

‘‘చెవిలో పుల్లలు పెట్టకూడదు, నూనె పొయ్యకూడదు. చూడ్డమే మన పని, మందు డాక్టరుది’’ అన్నాడు. మన ఇళ్లలోని ఇయర్ బడ్స్‌కీ ఇదే మాట వర్తిస్తుంది. తల అదేపనిగా విదిలించడం, కాలితో చెవి దగ్గర గీక్కోవడం, మొహం ఒకవైపు వాచడం... ఏది కనిపించినా రేపటికి వాయిదా వెయ్యొద్దు.

నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేశాను. మందలో ఇంకే బాతూ తల వాల్చలేదట. ‘‘మరి అది?’’ అన్నాను.

‘‘ఇంకా కొంచెం వంకరే బాబూ. కానీ ఇయ్యాల పొద్దున నీళ్లలో తల ముంచింది.’’