ఊకె కూసునే హక్కు

మొన్న క్లాసు అయిపోయాక ఒక విద్యార్థి ఫోన్‌లో వీడియో చూపించాడు. కాశ్మీర్‌లో ఒక ఏరు. మోకాలి లోతు నీళ్లలో ఒకాయన గాలం విసురుతున్నాడు. ట్రౌట్ చేప పడింది. దాన్ని రెండు చేతులతో ఒక్క క్షణం పట్టుకొని, మళ్లీ నీళ్లలోకే వదిలేశాడు.

"తిననప్పుడు పట్టుడెందుకు సార్?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

దాన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. ఎర ఉండదు. ఈకలు, దారం కలిపి కొక్కేనికి పురుగులా కట్టి నీటి మీద వాలుస్తారు. ట్రౌట్ మన చేప కూడా కాదు. చల్లటి నీళ్లలోనే బతుకుతుంది. 1900 ప్రాంతంలో బ్రిటిష్ వాళ్లు తమ సరదా కోసం దాన్ని కాశ్మీర్‌కు తెప్పించుకున్నారు. ఇప్పటికీ అక్కడ ఏటిని ముక్కలుగా పంచి, పర్మిట్ ఉంటేనే పట్టనిస్తారు. నీళ్ల దగ్గర తీరికగా నిలబడడం కూడా ఒక హక్కే, దానికీ ఒక కాయితం ఉంటుంది.

మా బాపుకు ఆ కాయితం ఎవరూ ఇవ్వలేదు.

బాపు కాగజ్‌నగర్‌లో వెదురు లారీల మీద హమాలీ. రోహిణి కార్తెలో పని లేని రోజు గాలం తీసేవాడు. వెదురు బద్ద, నైలాన్ దారం, జొన్న బెండు, బోరింగ్ కాడి తడిమట్టిలో తవ్విన ఎర్రలు. అంతే సామాను. నాకప్పుడు తొమ్మిదేండ్లు. ఒకసారి ఊరి చెరువు కట్ట మీద కూర్చున్నాం. చెరువులో చేపల మీద హక్కు ముదిరాజ్, గంగపుత్రుల సొసైటీలది. అది వాళ్ల బతుకుదెరువు, దానితో నాకు పేచీ లేదు. మమ్మల్ని లేపింది వాళ్లు కాదు. భూములున్న ఒక పెద్దమనిషి వచ్చి గాలం కట్టెను మోకాలికి ఆనించి విరిచాడు. "చేపల కోసం అచ్చిన్రా, చెరువు ముట్టుకునేతందుకు అచ్చిన్రా?" అన్నాడు.

ఆ తర్వాత మేం పెద్దవాగుకే పోయేవాళ్లం. ఎండాకాలం చివరికి వాగు సన్నబడి, మడుగులు మాత్రమే మిగులుతాయి. కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వచ్చినప్పుడు నీళ్ల మీద చిన్న సుడి లేస్తుంది. బాపు దాన్ని చూసి చోటు చెప్పేవాడు. కానీ ఆయన ఏనాడూ కుదురుగా కూర్చోలేదు. గొంతుక్కూర్చొని, ఒక కన్ను బెండు మీద, ఒక కన్ను వెనక తోవ మీద. మిరుగం నాడు చేప తినాలని ఊరంతా అనుకుంటుంది. మాకు మాత్రం చేప పడితే కూర, లేకపోతే కారం.

మహాడ్ గురించి మనం ఏటా మాట్లాడుకుంటాం. చవదార్ చెరువు అందరిదని 1924లోనే మున్సిపాలిటీ తీర్మానించింది. అయినా మనవాళ్లెవరూ దిగలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగారు. ఆ రోజే దాడి జరిగింది. ఆ తర్వాత చెరువును "శుద్ధి" చేశారు. హైకోర్టు తీర్పు రావడానికి 1937 దాకా పట్టింది. మనం దాన్ని దాహం కథగా చదువుకున్నాం. కానీ ఆయన ఆ రోజు దూప తీర్చుకోవడానికి పోలేదు. మనుషులం అని చెప్పడానికి పోయారు. దాహానికి, ఆకలికి మాత్రమే నీళ్ల దగ్గరికి పోవడం సగం హక్కు. ఏ పనీ లేకుండా పోయి కూర్చోగలిగితే, అది మిగతా సగం.

ఈ ఏడు రోహిణి కార్తె చివర్లో బాపును బండి మీద పెద్దవాగుకు తీసుకుపోయాను. "పట్టకున్నా మంచిదే. ఊకె కూసుందాం" అన్నాను. పొద్దు దిగుతోంది. మడుగు కదలడం లేదు. బెండు కూడా కదలడం లేదు. పది నిమిషాలు కాకముందే బాపు వెనక్కి తిరిగి తోవ చూశాడు. కాసేపటికి మళ్లీ చూశాడు.

"ఏమైంది బాపూ?"

"ఎవలన్న అచ్చి అడిగితే ఏం జెప్పాలె కొడుకా?"

తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉంది నాకు. ఆ మాటకు జవాబు మాత్రం వెంటనే దొరకలేదు. చివరికి, "కూసున్నమని చెప్పు" అన్నాను.

మిత్రులారా, మీ ఇంట్లో పెద్దవాళ్లను ఏ నీళ్ల కాడి నుంచి లేపారో అడగండి. ఈ మిరుగం లోపల వాళ్లను అక్కడికే తీసుకుపోయి, పక్కన కూర్చోండి.

జై భీమ్.